ఎకనామిక్స్ ప్రొఫెసర్ అవ్వాలంటే లెక్కలు వదలొద్దు

ప్రశ్న: మాది కల్వకుర్తి. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) రెండో సంవత్సరం. సీఏ చదవమంటే వద్దంటోంది, ఎకనామిక్స్ చదివి యూనివర్సిటీ ప్రొఫెసర్ అవుతానంటోంది. ఎన్నేళ్లు పడుతుంది? బీఈడీ చెయ్యాలా? ఉద్యోగం నిజంగా వస్తుందా?

జవాబు: బీఈడీ అక్కర్లేదండీ, అది బడుల్లో చెప్పేవాళ్లకు. యూనివర్సిటీకి కావాల్సింది ఎంఏలో కనీసం 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 50), అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ (జాతీయ స్థాయిది) లేదా సెట్ (రాష్ట్ర స్థాయిది). అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదని 2023లో యూనివర్సిటీల నియమాలు పెట్టే యూజీసీ చెప్పింది గానీ, ఆ మాట నమ్ముకుని ఆగిపోవద్దు. ప్రొఫెసర్ దాకా ఎదగాలంటే అది ఉండాల్సిందే. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ కలిపితే పదేళ్లు అనుకోండి.

ఎంఈసీ తీసుకోవడం మంచి పనైంది. అసలు చిక్కు దీని తర్వాతే. ఇంటర్ అయిపోగానే మ్యాథ్స్ పీడ విరగడైందని, లెక్కలు లేని గ్రూపులో చేరిపోతారు. డిగ్రీ వరకు థియరీ బట్టీ పట్టి గట్టెక్కొచ్చు. ఎంఏలో డెరివేటివ్‌లు, మ్యాట్రిక్స్‌లు, రిగ్రెషన్ ఒక్కసారిగా మీద పడతాయి. నెట్ సిలబస్‌లోనూ స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్‌కు ఒక యూనిట్, మ్యాథమెటికల్ ఎకనామిక్స్‌కు మరో యూనిట్ ఉన్నాయి. అందుకే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఎకనామిక్స్‌తో పాటు మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఉన్న గ్రూపు వెతకండి. కాలేజీ పేరు కంటే నాకైతే ఇదే ముఖ్యం. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్‌లో చదవడం కూడా ఇప్పటి నుంచే అలవాటు కావాలి.

ఖర్చు గురించి మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. ఇంటి అద్దె భత్యం వేరు. వయసు పరిమితి 30, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది.

ఇక ఉద్యోగం. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది, ప్రొఫెసర్‌కు 1,44,200. వినడానికి బాగుంటుంది. కానీ మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. 2008లో వచ్చిన మన పాలమూరు యూనివర్సిటీలోనూ కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద చాలా భారం నడుస్తోంది. కాబట్టి ఎంఏ అవ్వగానే జూనియర్ లెక్చరర్, నెట్ లేదా సెట్ వచ్చాక డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లు ఏది వచ్చినా రాయమనండి. జేఎల్‌గా పనిచేస్తూ పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్క పోస్టు మీదే జీవితం కట్టేసుకుంటే ముప్పై దాటాక ఇంట్లో అందరికీ టెన్షనే.

ఇంకో సంగతి. ప్రొఫెసర్ అంటే పాఠం చెప్పడమే అనుకుంటారు, సగం పని పరిశోధన. అందులో మన పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. అప్పుల మీద సర్వేకు వచ్చిన కొత్త మనిషితో రైతు 'నూటికి రెండు' అంటే, అతను ఫారంలో రెండు శాతం అని రాసేసుకుంటాడు. మీ అమ్మాయి అది నెలకని, ఏడాదికి 24 శాతమని వెంటనే అందుకుంటుంది. బోరు ఎండిన ఏడాది ఇంట్లో ఎవరు బొంబాయి బస్సెక్కుతారో, ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని ఎవరు వదిలి పోతారో ఆమెకు ఒకరు చెప్పాలా? పాలమూరు వలసల మీద, నల్గొండ బోర్ల మీద రాయాల్సింది ఇంకా చాలా ఉంది.

ఇప్పటికైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్‌కు ప్రయత్నించమనండి. దానికి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. సీటు రాకపోతే డిగ్రీ చదివి, రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌తో ఉస్మానియాలో ఎంఏ చెయ్యొచ్చు. సీయూఈటీ దరఖాస్తులు సరిగ్గా ఇంటర్ పరీక్షల హడావుడికి దగ్గర్లోనే వస్తుంటాయి. జూనియర్ కాలేజీల్లో ఎప్‌సెట్ (పాత ఎంసెట్) గురించి చెప్పినంతగా దీని గురించి చెప్పరు. జనవరి నుంచి మీరే వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.