ఇంటర్వ్యూకు చీరా, చుడీదారా? అసలు చిక్కు గాజుల దగ్గర

ప్రశ్న: మాది ఆమదాలవలస. నా వయసు 29. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, పెళ్లికి ముందు రెండేళ్లు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేశాను. ఉద్యోగం మానేసి ఐదేళ్లయింది. ఇప్పుడు బాబు బడికి వెళ్తున్నాడు. ఈ ఆదివారం కాక పై ఆదివారం పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. ఏం కట్టుకుని వెళ్లాలన్న దగ్గర ఇంట్లో పేచీ మొదలైంది. పెళ్లయిన పిల్ల పట్టుచీర కట్టుకుని, చేతినిండా గాజులు వేసుకుని, పూలు పెట్టుకుని వెళ్తేనే నలుగురూ గౌరవిస్తారని అత్తగారు బీరువాలోంచి చీర తీసి ఉంచారు. ఆవిడ పొందూరు ఆడపడుచు. చిన్నతనంలో రాట్నం మీద నూలు వడికి ఇంటికి ఆసరా అయిన మనిషి. కష్టం విలువ తెలిసినా ఈ ఒక్క విషయంలో మాట వినరు. విశాఖపట్నంలో ఆఫీసులో పనిచేసే మా పెద్దాడపడుచు ప్యాంటు, షర్టు, కోటు కొని పంపించింది. అవి వేసుకోకపోతే, ఐదేళ్లు ఇంట్లో కూర్చున్న సంగతి మొహం మీదే తెలిసిపోతుందంటుంది. నాకేమో చుడీదారే అలవాటు. మావారు ‘నీ ఇష్టం, కానీ అమ్మ మనసు కష్టపెట్టకు’ అంటారు. ఉద్యోగం వస్తే ల్యాబు లోపల గాజులు తీసేయాలన్న సంగతి అత్తగారికి ఇంకా చెప్పలేదు.

జవాబు: చుడీదారే వేసుకుని వెళ్లండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగిలిన ఈ కొద్ది రోజులూ మీ ఆలోచన బట్టల మీద కాక మందులో ఏది ఎంత ఉందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ, టైట్రేషన్ పరీక్షల మీద ఉండాలి. అయితే మీ ఇంట్లో పేచీ చుడీదారుతో తీరేది కాదని మీకూ తెలుసు. అది తెలుసు కనుకనే గాజుల సంగతిని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో ముగించారని నాకు అనిపించింది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఇంటర్వ్యూకు చీర కట్టుకోవడం తప్పేమీ కాదు. రోజూ చీర కట్టుకుని, అందులోనే బస్సులెక్కి, వంటచేసి, పరుగులు తీసే మనిషికి నేతచీరను మించిన హుందా అయిన దుస్తులు లేవు. అలవాటు లేని చీర సంగతి వేరు. చాలా ఏళ్ల కిందట ఒక ఉద్యోగ ఎంపికలో బల్లకు అవతలి వైపు కూర్చునే అవకాశం నాకు వచ్చింది. అప్పుడు బాగా చదువుకున్న ఒక అమ్మాయి కొత్త పట్టుచీరలో వచ్చింది. కూర్చున్నప్పటి నుంచి ఆమె ఎడమచేయి కుచ్చిళ్లను వదల్లేదు. లెక్క వేసి చూపమని కాగితం ఇస్తే, ఆ కాగితాన్ని అదిమి పట్టుకోవడానికి రెండో చేయి లేక, అది బల్ల మీద జరిగిపోతుంటే కుడిచేత్తోనే నెట్టుకుంటూ రాసింది. జవాబు ఆమెకు వచ్చు, కానీ దృష్టంతా కుచ్చిళ్ల మీదే ఉండిపోయింది. ఆ ఎడమచేయి నాకు ఈనాటికీ గుర్తుంది. అందుకే ఎవరు అడిగినా, ఇదివరకు కనీసం మూడు నాలుగుసార్లు వేసుకుని, ఉతికి, మళ్లీ వేసుకున్న బట్టలే ఇంటర్వ్యూకు వేసుకోమని చెబుతాను. మీ ఆడపడుచు పంపిన కోటుకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒంటికి అలవాటు లేని కోటు భుజాల దగ్గర బిగుసుకుంటుంది, మనిషిని కూడా బిగిస్తుంది.

ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మీరు ఆమదాలవలసలో బయలుదేరి, శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు మారి, ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం మీదుగా పైడిభీమవరం చేరాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో గాలిలో చెమ్మ ఎక్కువ కనుక ఒంటికి పట్టిన చెమట తొందరగా ఆరదు. అస్తరు వేసి కుట్టిన కోటు ఆ ప్రయాణంలో మీకు సాయపడదు. గంజిపెట్టిన నూలుబట్ట దిగేసరికి నలిగిపోతుంది. నూలులో కొంత పాలిస్టర్ కలిసిన టెరికాటన్ బట్టయితే ఇస్త్రీ నిలబడుతుంది. లేత నీలం, బూడిద రంగులు చెమటను మచ్చలుగా చూపిస్తాయి కాబట్టి, ముదురు నీలం గాని, తెలుపు మీద చిన్న అచ్చు వేసినది గాని చూసుకోండి. మోచేతి కిందకి వచ్చే చేతులు, ఒక భుజానికి పిన్ను పెట్టిన చున్నీ చాలు. ఇవన్నీ మీ అలమరలో ఉండే ఉంటాయి. దీనికోసం శ్రీకాకుళం జీటీ రోడ్డు దుకాణాలకు వెళ్లి డబ్బు ఖర్చుపెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

మీరు డబ్బు ఖర్చుపెట్టదలిస్తే చెప్పుల మీద పెట్టండి. మందుల తయారీ రంగంలో ఏళ్లతరబడి పనిచేసినవారి చూపు ముందు బట్టల నాణ్యం మీదకు కాక గోళ్ల మీదకు, జుట్టు మీదకు, పాదాల మీదకు వెళ్తుంది. యాసిడ్ సీసాలు, గాజు సామాను ఉండే ల్యాబులో పాదం మూసుకునే బూట్లు వేసుకోవాలన్నది మీకు తెలిసిన సంగతే. కొన్నిచోట్ల ఇంటర్వ్యూ రోజునే ల్యాబు చూపిస్తారు కూడా. మడమ ఎత్తు లేని మామూలు నల్ల షూ ఒక జత కొనుక్కుని, ఇప్పటి నుంచే రోజూ గంటసేపు ఇంట్లో వేసుకు తిరగండి, కరవకుండా ఉంటాయి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, రంగు ఉంటే తుడిచేయండి. జుట్టు విరబోసుకోకుండా జడగానో ముడిగానో గట్టిగా బిగించుకోండి. అత్తగారి అత్తరైనా, మీ సెంటయినా ఆ రోజుకు వద్దు. కుంకుమ చెమటకు కారుతుంది కనుక చిన్న బొట్టుబిళ్ల పెట్టుకోవడం మేలు. మంగళసూత్రాలు లోపలికి వేసుకుంటే సరిపోతుంది. మెట్టెల గురించి ఎవరూ అడగరు.

ఐదేళ్ల విరామం మొహం మీద తెలిసిపోతుందన్న మీ ఆడపడుచు మాట మిమ్మల్ని గుచ్చుకుని ఉంటుంది. అది మొహం మీద కాదు, మీరిచ్చే దరఖాస్తులో మొదటి పేజీలోనే ఉంటుంది. దాన్ని ఏ కోటూ దాచలేదు, దాచవలసిన అవసరమూ లేదు. ‘బాబు పుట్టాడు, పెంచాను, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, తిరిగి పనిలోకి రావాలనుకుంటున్నాను’ అని రెండు వాక్యాల్లో తలెత్తి చెప్పి, ఆ వెంటనే మీరు పనిచేసిన పరికరాల పేర్లు చెప్పండి. మీ ఆడపడుచు ప్రేమతో ఖర్చుపెట్టి పంపింది కాబట్టి ఆమెకు ముందే ఫోన్ చేసి, కోటును తర్వాత పనికొచ్చే రోజున వేసుకుంటానని చెప్పి, ఇప్పుడు ఆమె నుంచి మీకు నిజంగా కావలసిన సాయం అడగండి. రోజూ రాత్రి పది నిమిషాలు ఫోనులో ప్రశ్నలు అడగమనండి. ఆఫీసులో పనిచేసే మనిషి కనుక ఆమె ఆ పని చక్కగా చేయగలదు.

ఇక గాజులు. మాత్రల్లోకి వెళ్లే పొడి మూత లేకుండా ఉండే చోట, గాజు ముక్క గాని, రాయి ఊడిన నగ గాని, వెంట్రుక గాని పడకూడదు. అది తినేది రోగి. మన దేశపు ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం అనే భాగంలో, మందుల తయారీలో పాటించవలసిన శుభ్రత గురించి కూడా ఉంది. క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఏవి ఉంచుకోవచ్చో, ఏవి తీయాలో కంపెనీని బట్టి కొంత మారుతుంది గాని, చేతినిండా మట్టిగాజులతో పనిచేయనిచ్చే చోటు ఉండదు. పెళ్లికి ముందు ఇది మీకు చిన్న సంగతి. ఇప్పుడు, ముత్తయిదువ చేయి బోసిగా ఉండకూడదని నమ్మే ఇంట్లో, ఇది పెద్ద సంగతే. ఆ నమ్మకాన్ని నేను తేలిక చేయను. మీ అత్తగారు కోడలి గాజుల్లో చూసుకునేది కొడుకు ఆయుష్షును. అలాంటి విషయం ఉద్యోగం వచ్చి చేరిన నెలకు ఎవరి నోటో వింటే, తనను మోసం చేశారని ఆవిడ బాధపడతారు. అందుకే ఇంటర్వ్యూకు ముందే చెప్పాలి.

ఎలా చెప్పాలన్నదానికి దారి మీ ఉత్తరంలోనే ఉంది. పొందూరులో సన్ననూలు వడికేవారు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, అందులోని చెత్తను, నలుసులను తీసి, పోగులను సాపు చేసుకుంటారు. నలుసు మిగిలిపోతే రాట్నం మీద పోగు తెగుతుందని మీ అత్తగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆవిడ వేళ్లకే తెలుసు. ఆవిడ పక్కన కూర్చుని ముందు ఆ పని ఎలా చేసేవారో అడగండి. ఆవిడ చెప్పాక, ‘అత్తయ్యా, మా పనిలో కూడా నలుసు పడకూడదు, అందుకే లోపలికి వెళ్లేటప్పుడు గాజులు తీసి పెట్టెలో పెట్టుకుని, బయటికి రాగానే వేసుకోవాలి’ అని చెప్పండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కొన్ని రోజులు మౌనంగా ఉండవచ్చు కూడా. ఇంటర్వ్యూ రోజుకు మట్టిగాజుల బదులు చేతికొక బంగారు గాజు ఉంచుకుంటానని చెప్పండి. బల్ల మీద చప్పుడు కాదు, చేయి బోసిగానూ ఉండదు. ఆవిడ తీసి ఉంచిన పట్టుచీరను మొదటి జీతం వచ్చిన రోజున కట్టుకుని అరసవల్లి దర్శనానికి ఆవిడను తీసుకువెళ్తానని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

మీవారి గురించి ఒక మాట చెప్పాలి. ‘నీ ఇష్టం, కానీ అమ్మ మనసు కష్టపెట్టకు’ అనడంలో ఆయనకు దురుద్దేశం ఉందని నేను అనుకోను. కానీ ఆ మాటతో ఆయన బరువంతా మీ మీద పెట్టి పక్కకు తప్పుకున్నారు. గాజులు తన ఆయుష్షుకు సంబంధించినవని తల్లి భయపడుతున్నప్పుడు, ‘అమ్మా, నాకేమీ కాదు, తను పనికి వెళ్లడం నాకు ఇష్టమే’ అని చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో ఆయన ఒక్కరే. మీరు అత్తగారితో మాట్లాడే రోజున ఆయన ఇంట్లో ఉండేలా చూసుకోండి. మధ్యలో లేచి వెళ్లిపోవద్దని, ఈ ఒక్క వాక్యం తన నోటితో చెప్పాలని ముందే స్పష్టంగా అడగండి.

ఇంటర్వ్యూ చివర మీకేమైనా అడగవలసింది ఉందా అంటారు. అప్పుడు, తమ ల్యాబులో నగల విషయంలో నిబంధన ఏమిటో, తీసినవి భద్రపరచుకోవడానికి ఎవరి పెట్టె వారికి ఇస్తారో లేదో అడగండి. ఆ పని తెలిసిన మనిషి అడిగే ప్రశ్నగానే వారు దాన్ని వింటారు. వారు చెప్పిన జవాబు గుర్తుపెట్టుకుని, ఆ సాయంత్రం ఇంటికి రాగానే, ఇంటర్వ్యూ ఎలా జరిగిందో ఎవరికైనా చెప్పే ముందు మీ అత్తగారికి చెప్పండి.