ఎక్సెల్ వచ్చినవాళ్లు పవర్ బీఐతో మొదలుపెట్టాలా, టాబ్లోతోనా?

ఒకరు ఈ ప్రశ్న అడిగారు. రెండూ డేటాను చార్టులు, రిపోర్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్లే. బెంగళూరులో అకౌంట్స్ ఉద్యోగం, ఎక్సెల్ బాగా వచ్చు, బిజినెస్ అనలిస్ట్‌గా మారాలి అంటున్నారు కాబట్టి నా ఓటు పవర్ బీఐకే. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, కాకపోతే విండోస్‌లోనే నడుస్తుంది. మ్యాక్ ఉంటే టాబ్లో పబ్లిక్ చూడండి. అదీ ఉచితమే, కానీ అందులో పబ్లిష్ చేసింది ఊరందరికీ కనిపిస్తుంది. ఆఫీసు లెక్కలు మాత్రం పెట్టకండి.

మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ కోచింగ్ బోర్డులు చూసి ముందే ఫీజు కట్టేయకండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల శిక్షణ సైట్ మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పవర్ బీఐ పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

చార్టులు గీయడం తొందరగానే వస్తుంది. అసలు పని అంతకుముందే, డేటాను శుభ్రం చేయడంలో ఉంది. దానికి వాడే పవర్ క్వెరీ ఎక్సెల్‌లోనూ ఉంది, అక్కడే సాధన చేయండి. ముఖ్యంగా తేదీలు. 05/04/2024 అంటే మనకు ఏప్రిల్ 5. సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే అది మే 4 అయిపోతుంది. ఎర్రర్ కూడా చూపించదు, నెలవారీ అమ్మకాలు మాత్రం తారుమారు! కాలమ్ టైప్ మార్చేటప్పుడు ‘యూజింగ్ లొకేల్’లో ఇండియా ఎంచుకుంటే సరి.

తర్వాత పవర్ బీఐలో అమ్మకాలు, సరుకులు, కస్టమర్లు, తేదీలను వేర్వేరు టేబుళ్లుగా ఉంచి, వాటి మధ్య రిలేషన్‌షిప్‌లు (లింకులు) కలపడం నేర్చుకోండి. అలవాటుకొద్దీ వీ-లుకప్‌తో అన్నీ ఒకే షీట్‌లో కుక్కితే డాక్స్ (DAX, పవర్ బీఐలో లెక్కలు రాసే భాష) ఫార్ములాల దగ్గర చుక్కలు కనిపిస్తాయి. డాక్స్‌లో మొదట సమ్, కాలిక్యులేట్ చాలు. పోలికకు బార్ చార్టు, నెలల మార్పుకు లైన్ చార్టు. గుండ్రంగా ఉండే పై (pie) చార్టు జోలికి నేనైతే పోను.

టాబ్లో కంటే ముందు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా తీసే భాష) పట్టుకోండి, ఇంటర్వ్యూల్లో తరచూ అడుగుతారు.