తప్పితే ఏమవుతుంది?

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు వ్యాసం చదివాను. విషయం బాగుంది, వాక్యాలు కూడా చాలాచోట్ల బాగానే నడిచాయి, కానీ రెండో పేజీలో ఒకే సంగతిని ముందు రూల్ అన్నావు, కాస్త కిందకొచ్చి ప్రిన్సిపుల్ అన్నావు, ఆ తర్వాత నార్మ్, మళ్లీ టెనెట్, చివరికి డాక్ట్రిన్ దాకా వెళ్లిపోయావు. ఎందుకలా రాశావో తెలుసు. ఒకే మాట పదేపదే రాకూడదని బళ్లో చెప్పుంటారు, పర్యాయపదాల నిఘంటువు చేతికి అందేంత దూరంలో ఉంది. చదివేవాడు మాత్రం మాట మారింది కాబట్టి సంగతి కూడా మారిందనుకుంటాడు, ఈ టెనెట్ ఎప్పుడొచ్చిందా అని వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు. సంగతి ఒకటే అయితే మాట కూడా ఒకటే ఉండనీ. ఐదుసార్లు రూల్ అని రాసినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ మాటల మధ్య తేడా డిక్షనరీ తిరగేస్తే తేలేది కాదు, ఎందుకంటే అక్కడ ఒకదానికి అర్థం చెప్పడానికి ఇంకోదాన్ని వాడతారు, తిరిగి తిరిగి మొదటికే వస్తాం. నేను మాత్రం తప్పితే ఏమవుతుంది అని చూస్తాను. లా తప్పితే కోర్టు ఉంది. రెగ్యులేషన్ తప్పితే, ఆ చట్టం కింద అధికారం పొందిన సంస్థ నోటీసు ఇస్తుంది, జరిమానా వేస్తుంది, లైసెన్సు రద్దు చేస్తుంది. రూల్‌ది ఆ చోటి వరకే నడిచే పెత్తనం: ఆటలో అయితే పాయింటు పోతుంది, హాస్టల్లో అయితే వార్డెన్ పిలుస్తాడు, గేటు దాటాక దాన్ని పట్టించుకునేవాడు ఉండడు. గైడ్‌లైన్ తప్పితే సాధారణంగా ఏమీ కాదు, మహా అయితే ఎందుకు తప్పావో చెప్పుకోవాల్సి వస్తుంది. నార్మ్ తప్పితే నలుగురూ అదోలా చూస్తారు. మరి ప్రిన్సిపుల్ తప్పితే? బయటివాళ్లకి తెలియకపోవచ్చు కూడా, నీకు మాత్రం నిద్ర పట్టదు. ఎవరూ చూడని చోట కూడా లంచం ముట్టని మనిషిని ఇంగ్లీషులో మ్యాన్ ఆఫ్ ప్రిన్సిపుల్ అంటారు, మ్యాన్ ఆఫ్ రూల్స్ అనరు. స్టిక్లర్ ఫర్ రూల్స్ అని ఎవర్నైనా అన్నారంటే అది మెచ్చుకోలు కాదు, మనిషి కాస్త చాదస్తం అని.

రూల్‌కీ ప్రిన్సిపుల్‌కీ తేడా ఇంకాస్త లోతుగా తెలియాలంటే ఒక కేసు చెబుతాను. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, ఒక మనవడు తాతకి విషం పెట్టి చంపాడు, ఎందుకంటే వీలునామాలో ఆస్తి తన పేరు మీద ఉంది, ముసలాయన దాన్ని మారుస్తాడేమో అని భయం. వీలునామా పక్కాగా ఉంది, సంతకాలు సరిగ్గా ఉన్నాయి, చట్టంలో ఎక్కడా హంతకుడికి ఆస్తి ఇవ్వకూడదని లేదు. రూల్ ప్రకారం చూస్తే ఆస్తి వాడిదే. 1889లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఇవ్వం అని తీర్పు చెప్పింది, తన తప్పు నుంచి తానే లాభపడే హక్కు ఎవరికీ లేదని. రిగ్స్ వర్సెస్ పామర్ అంటారు ఆ కేసుని. తమాషా ఏమిటంటే తీర్పు రాసిన జడ్జి దాన్ని మాక్సిమ్ అన్నాడు, అంటే తరతరాలుగా అందరి నోళ్లలో నలిగి సూక్తిలా కుదురుకున్న మాట అని. 1967లో రోనాల్డ్ డ్వార్కిన్ అనే న్యాయతత్వవేత్త అదే కేసుని ఎత్తుకుని, ఇది ప్రిన్సిపుల్, రూల్ కాదు అని వాదించాడు. ఆయన చెప్పిన తేడా నాకు చాలా ఉపయోగపడింది: రూల్ వర్తిస్తే పూర్తిగా వర్తిస్తుంది, లేకపోతే అసలు వర్తించదు, మధ్యేమార్గం లేదు. ప్రిన్సిపుల్‌కి బరువుంటుంది, ఒకదాన్ని ఇంకోదానితో తూచి చూడొచ్చు, తూకంలో ఓడిపోయినంత మాత్రాన అది చచ్చిపోదు, ఇంకో కేసులో మళ్లీ లేచి నిలబడుతుంది. నీ వ్యాసంలో మొదటిసారి ప్రిన్సిపుల్ అన్నచోట ఇలా తూచే పని ఉందా అని చూసుకో. లేదు. అక్కడ ఉన్నది ఉత్త రూల్.

కన్వెన్షన్ అన్న మాటని నువ్వు అసలు వాడలేదు, కొన్నిచోట్ల నీకు కావాల్సింది అదే అని నా అనుమానం. ఎక్కడా రాసిపెట్టరు, అయినా అందరూ పాటిస్తారు. అమెరికా అధ్యక్షుడు రెండుసార్లకి మించి ఉండకూడదన్నది చాలాకాలం కన్వెన్షనే, మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ రెండోసారి అవగానే తప్పుకున్నాడు, తర్వాతివాళ్లు కూడా ఆ గీత దాటలేదు. 1940లో రూజ్‌వెల్ట్ మూడోసారి గెలిచాడు. ఏ కోర్టూ ఆపలేదు, ఆపడానికి లా లేదు కదా. 1951లో రాజ్యాంగ సవరణ తెచ్చి దాన్ని లా చేసుకున్నారు. అంటే 1940 గురించి రాస్తూ రూజ్‌వెల్ట్ బ్రోక్ ద లా అని రాస్తే అబద్ధమవుతుంది. పర్యాయపదం కదా అని మాట మార్చి ఒక మనిషిని నేరస్తుణ్ణి చేసేశావన్నమాట.

ఆటల సంగతికొస్తే క్రికెట్‌వి లాస్, ఫుట్‌బాల్‌వీ లాసే, టెన్నిస్‌కీ గోల్ఫ్‌కీ రూల్స్. ఇందులో లాజిక్ వెతక్కు, వాళ్లు పెట్టుకున్న పేర్లు అవి, అలాగే వాడాలి. సైన్సులోనూ అంతే, బాయిల్‌ది లా, ఆర్కిమెడిస్‌ది ప్రిన్సిపుల్, మార్చి రాస్తే తప్పు. కాకపోతే సైన్సు లా ఎవర్నీ ఆజ్ఞాపించదు. పైకి విసిరిన రాయి కిందికి రాకపోతే తప్పు రాయిది కాదు, లాది.

నమ్మకాల మాటల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. అక్కడ మాటని బట్టి రాసేవాడు ఎటువైపు నిలబడ్డాడో బయటపడిపోతుంది. టెనెట్ అంటే ఒక మతమో ఉద్యమమో తనదని పట్టుకున్న నమ్మకం, గౌరవంగానే ఉంటుంది. డాక్ట్రిన్ అంటే అధికారికంగా చెప్పే బోధ, ప్రభుత్వాలకీ వాడతారు, 1823లో అమెరికా అధ్యక్షుడు మన్రో ప్రకటించిన మన్రో డాక్ట్రిన్ లాగా. డాగ్మా కూడా చర్చి లోపల గౌరవంగల మాటే, బయట మామూలు రాతలో మాత్రం దాదాపు తిట్టు. ప్రశ్న అడగనివ్వరు అని అర్థం వస్తుంది. తటస్థంగా రాస్తున్నానని చెప్పుకుంటూ ఒక పక్షంవాళ్లవి టెనెట్స్, ఇంకో పక్షంవాళ్లవి డాగ్మా అని రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

మాటల పుట్టుక గురించి నువ్వు ఒక పేరా రాశావు. సరదాగా ఉంది, రూల్, నార్మ్, కేనన్ మూడూ గీత గీయడానికో మూల సరిచూడటానికో వాడే కర్రల పేర్ల నుంచే వచ్చాయన్నది నిజమే. కానీ పుట్టుక తెలిసినంత మాత్రాన వాడకం తెలిసినట్టు కాదు. ఇవాళ సాహిత్యంలో కేనన్ అంటే గొప్పవని ఒప్పుకున్న రచనల సముదాయం, కర్రకీ దానికీ ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. ఆ పేరా కొట్టేసి, ఏ మాట పక్కన ఏ క్రియ వస్తుందో చూసుకుంటే నీకు ఎక్కువ లాభం. రూల్‌ని బ్రేక్ చేస్తారు, రెగ్యులేషన్‌కి కంప్లై అవుతారు, స్టాండర్డ్‌ని మీట్ అవుతారు, ప్రిన్సిపుల్‌ని కాంప్రమైజ్ చేస్తారు, నార్మ్‌ని ఫ్లౌట్ చేస్తారు. స్టాండర్డ్‌ని బ్రేక్ చేశాడు అని నువ్వు రాసిన వాక్యం అందుకే ఎబ్బెట్టుగా ఉంది.

ఇక చిన్నవి. ఇన్ ప్రిన్సిపుల్ ఒప్పుకున్నాడు అంటే మూలవిషయానికి సరే అన్నాడు, వివరాలు ఇంకా తేలలేదు, రేపు వెనక్కి తగ్గినా తగ్గొచ్చు. ఆన్ ప్రిన్సిపుల్ ఒప్పుకోలేదు అంటే ఎంత లాభమున్నా ససేమిరా అన్నాడు, మనస్సాక్షి అడ్డం వచ్చింది. నువ్వు ఈ రెంటినీ తారుమారు చేశావు, దాంతో నీ కథానాయకుడు బేరమాడే మనిషిలా కనిపిస్తున్నాడు. యాజ్ ఎ రూల్ అంటే సాధారణంగా అని, నియమం ప్రకారం అని కాదు. ఆర్డినెన్స్ అనగానే మనకి రాష్ట్రపతో గవర్నరో గుర్తొస్తారు, అమెరికా పుస్తకంలో మాత్రం అది ఊరి కౌన్సిల్ చేసిన స్థానిక చట్టం, పార్కింగ్ గురించో చెత్త గురించో ఉంటుంది. క్రైటీరియా బహువచనం, ఒకటైతే క్రైటీరియన్. నాలుగో పేజీలో క్రైటీరియాస్ అని ఉంది, పంపే ముందు అది తీసెయ్.

ఉంటాను,
అన్నయ్య