దూరాన ఉన్న మిత్రులంతా ఒక దీవిలో కలవాలంటే: దీవి కంటే ముందు ఉమ్మడి రోజులు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఆరుగురు పాత మిత్రులు నాలుగు దేశాల్లో ఉన్నారు. ఏళ్ల తర్వాత ఏదైనా ఉష్ణమండల దీవిలో ఒక వారం కలిసి గడపాలనుకుంటున్నారు. ఏ దీవి, ఏ నెల, ఖర్చు ఎలా పంచుకోవాలి? ఇలాంటి కలయికలకు ఏర్పాట్లు చేసిన అనుభవంతో చెబుతున్నాను, దీవి పేరుతో మొదలుపెట్టకండి. ముందు ఉమ్మడి రోజులు లెక్కపెట్టండి. అంటే ఆరుగురూ పొద్దున అక్కడే లేచి, రాత్రి అక్కడే పడుకునే పూర్తి రోజులు.

ఒక లెక్క చూడండి. శనివారం నుంచి శనివారం దాకా 7 రాత్రులకు విల్లా బుక్ చేశారు. ఒకరికి శనివారం ఫ్లైట్ దొరకలేదు, ఆదివారం సాయంత్రం వచ్చారు. ఇంకొకరు సోమవారం ఆఫీసుకు వెళ్లాలి కాబట్టి శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. మిగిలిన ఉమ్మడి రోజులు సోమ, మంగళ, బుధ, గురు, నాలుగే. పది, పన్నెండు గంటల టైమ్ జోన్ తేడా దాటి వచ్చినవాళ్లకు అందులో మొదటి రోజు నిద్రమత్తులోనే పోతుంది. 7 రాత్రులకు డబ్బు కట్టి 3 రోజులు కలిసి ఉన్నట్టు. అందుకే దీవి, ఫ్లైట్, గది, ఏది ఎంచుకున్నా ‘దీనివల్ల ఉమ్మడి రోజులు పెరుగుతాయా, తగ్గుతాయా’ అన్న ఒక్క ప్రశ్న వేసుకోండి. నాలుగు కంటే తగ్గితే అంత దూరం రావడం గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

పని మొదలుపెట్టేందుకు అందరూ చూడగలిగే ఒక షీట్ చాలు. ఒక్కొక్కరికి ఒక వరస: పాస్‌పోర్ట్ ఏ దేశానిది, గడువు ఎప్పుడు ముగుస్తుంది, నివసించే దేశంలో వీసా స్థితి, సెలవు దొరికే తేదీలు, దగ్గరి పెద్ద ఎయిర్‌పోర్ట్, ఇంటి గుమ్మం నుంచి దీవి దాకా ఎన్ని గంటలు. ఎనిమిది, పది నెలల ముందు మూడు తేదీల ఎంపికలు పెట్టి, పది రోజుల్లో జవాబు చెప్పాలని గడువు పెట్టండి. ‘ఎప్పుడైనా పర్వాలేదు’ అన్నవాళ్లే చివర్లో కుదరదంటారు. వాళ్ల చేత కూడా తేదీ రాయించండి.

బడ్జెట్ మాత్రం ఆ షీట్‌లో పెట్టకండి. ఒకరు బాధ్యత తీసుకుని, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి గరిష్ఠంగా ఎంత పెట్టగలరో తెలుసుకోవాలి. అందరి ముందూ అడిగితే తక్కువ పెట్టగలిగినవాళ్లు నిజం చెప్పరు. ముందు సరేనని, తర్వాత ఏదో కారణం చెప్పి ఆగిపోతారు. అందరిలోకీ తక్కువ అంకె చెప్పినవాళ్లకు సరిపోయేలా ప్లాన్ చేయండి, ఆ అంకె ఎవరిదో బయటపెట్టకండి. మనుషుల కోసం చేసే ప్రయాణంలో ఒక మనిషిని డబ్బు దగ్గర వదులుకోవడం కంటే నష్టం లేదు.

వీసా విషయంలో చూసేది నివాసం కాదు, పాస్‌పోర్ట్. ఒకే ఊళ్లో ఉండే ఇద్దరు మిత్రులకు వేర్వేరు పాస్‌పోర్టులుంటే నియమాలు కూడా వేరు. చాలా దేశాలు ప్రవేశించే తేదీ నుంచి పాస్‌పోర్ట్ ఇంకా ఆరు నెలలు చెల్లాలంటాయి. రకరకాల పాస్‌పోర్టులున్న బృందానికి మాల్దీవులు సులువు: దాదాపు అన్ని దేశాలవాళ్లకూ దిగాక 30 రోజుల టూరిస్ట్ వీసా ఉచితంగా ఇస్తారు. తిరుగు టికెట్, గది బుకింగ్ చూపించాలి, ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో ట్రావెలర్ డిక్లరేషన్ నింపాలి. చాలామంది మరిచిపోయేది తిరుగు ప్రయాణం. విదేశంలో వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు దీవిలోకి వెళ్లడం కష్టం కాదు. పాస్‌పోర్ట్‌లో ఆ వీసా స్టాంప్ గడువు ముగిసి ఉంటే తిరిగి తాము ఉండే దేశంలోకి వెళ్లడమే కష్టం. ఇది టికెట్ కొనేముందే చూడాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి ఎవరైనా వస్తుంటే చాలా దీవులు టీకా సర్టిఫికెట్ అడుగుతాయి. టీకా వేసుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది కాబట్టి బయల్దేరే వారంలో వేసుకుంటే పనికిరాదు.

ఇక నెల, దీవి. ఈ రెండూ కలిపే తేల్చాలి. అంతా వాన గురించే అడుగుతారు కానీ, దీవిలో వాన కంటే అల ముఖ్యం. ఉష్ణమండలంలో వాన గంటసేపు కురిసి ఆగిపోవచ్చు. గాలి సూటిగా తగిలే తీరంలో మాత్రం అలలు రోజుల తరబడి పెద్దగానే ఉంటాయి, పడవలు ఆగిపోతాయి, నీళ్లు మసకబారి స్నార్కెలింగ్‌లో (ముసుగు, గొట్టం పెట్టుకుని నీళ్లపై తేలుతూ కిందికి చూడడం) ఏమీ కనిపించదు. అందుకే ఒకే దేశంలో రెండు తీరాలకు రెండు సీజన్లు. థాయ్‌లాండ్‌లో అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌కు మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలులు. అవతలి వైపు గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉన్న కో సముయ్‌లో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. శ్రీలంకలో నైరుతి తీరానికి డిసెంబర్ నుంచి మార్చి మంచిది, ట్రింకోమలీ ఉన్న తూర్పు తీరానికి మే నుంచి సెప్టెంబర్. బాలిలో నవంబర్ నుంచి మార్చి వానాకాలం. మారిషస్ వైపు తుఫాన్లు ఎక్కువగా నవంబర్, ఏప్రిల్ మధ్య వస్తాయి. అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆ నెలల్లోనే కరీబియన్‌కు వెళ్లాల్సి వస్తే అరూబా, బొనైర్, కురసావ్ చూడండి, అవి హరికేన్లు సాధారణంగా వెళ్లే దారికి దక్షిణంగా ఉంటాయి. సెలవులు ఆగస్టులోనే దొరుకుతాయంటే ఆగస్టులో ప్రశాంతంగా ఉండే తీరాన్ని వెతుక్కోవాలి. నచ్చిన దీవిని ఆగస్టుకు బలవంతంగా సర్దకూడదు.

ఆటుపోట్లు కూడా చూడాలి. జాంజిబార్ తూర్పు తీరంలో పాటు సమయానికి సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, ఈతకు పోటు వచ్చేదాకా ఆగాలి. ఉత్తర కొసన ఉన్న నుంగ్వీలో ఆ ఇబ్బంది తక్కువ. ఫొటోలు ఎక్కువగా పోటు సమయంలో తీసినవే కాబట్టి బుక్ చేసేముందు ఆ తేదీల టైడ్ టేబుల్ తెరిచి చూడండి.

ఉమ్మడి రోజులు ఎక్కువగా పోయేది ఆఖరి మజిలీలో, అంటే పెద్ద ఎయిర్‌పోర్ట్ నుంచి దీవికి వెళ్లే ముక్కలో. మాల్దీవుల సీప్లేన్లు పగటి వెలుగులోనే ఎగురుతాయి. రాజధాని మాలేలో మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగినవాళ్లకు ఆ రోజు సీప్లేన్ దొరకడం కష్టం. రాత్రి మాలేలోనో పక్కనున్న హుల్హుమాలేలోనో ఉండి మర్నాడు వెళ్లాలి. అదే మాలేకు దగ్గరి రిసార్టు అయితే స్పీడ్‌బోట్ చాలు, చాలావాటికి రాత్రి కూడా నడుస్తుంది. ఫెర్రీల మీద ఆధారపడే దీవుల్లో ఆఖరి ఫెర్రీ సాయంత్రానికే వెళ్లిపోవచ్చు. వేర్వేరు ఖండాల నుంచి వచ్చేవాళ్లు ఒకే రోజు దీవి చేరాలని పట్టుబట్టడం కంటే, ముందు రోజు రాత్రికల్లా పెద్ద ఎయిర్‌పోర్ట్ పక్కన హోటల్‌లో కలిసి, మర్నాడు మొదటి పడవలో అందరూ కలిసి వెళ్లడం మేలు. హోటల్‌కు ఒక రాత్రి ఖర్చు ఎక్కువే, కానీ ఎవరో ఒకరి ఫ్లైట్ ఆలస్యమైతే ఆ రాత్రే దాన్ని మింగేస్తుంది. పైగా కలయిక మొదలయ్యేది ఆ పడవలోనే కదా.

టికెట్లు రెండు ముక్కలుగా కొంటే ఒక చిక్కుంది. మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కు బాధ్యత ఉండదు. చాలాసార్లు మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. దానికోసం ఇమిగ్రేషన్ దాటాలి, అంటే కేవలం దిగి ఎక్కే దేశానికి కూడా వీసా కావాల్సి రావచ్చు. అన్నీ ఒకే టికెట్ మీద ఉండేలా చూడండి. కుదరకపోతే మధ్యలో ఒక రాత్రి వదలండి.

తేదీలు రాసేటప్పుడు దీవి స్థానిక సమయంలో, చేరే తేదీ, చేరే గంట రాయించండి. లాస్ ఏంజిలస్ నుంచి ఫిజీకి ప్రయాణం దాదాపు పదకొండు గంటలే, కానీ మధ్యలో డేట్ లైన్ (తేదీ మారే రేఖ) దాటుతుంది. సోమవారం రాత్రి ఎక్కినవాళ్లు దిగేసరికి అక్కడ బుధవారం ఉదయం. ‘మంగళవారం వస్తాను’ అని రాసినవాళ్ల కోసం మంగళవారమే కారు వెళ్లి ఎదురుచూస్తుంది. ప్లానింగ్ కాల్స్‌కు కూడా ఇలాంటి పొరపాటే: అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం మారతాయి, యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు మీకు అలవాటైన గంటల తేడా తప్పుతుంది.

బసకు ఒక్క విల్లా అయినా, పక్కపక్క గదులైనా, అందరూ ఒకేసారి కూర్చోగలిగే నీడ ఉన్న చోటు తప్పనిసరి. పెద్ద బల్ల ఉన్న వరండా ఈత కొలను కంటే విలువైనది, ఎందుకంటే మధ్యాహ్నం ఎండలో కొలను దగ్గర ఎవరూ ఉండరు. బాత్రూమ్‌కు ఇద్దరు మించకూడదు. ప్రతి పడకగదిలో ఏసీ ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, తాగునీళ్లు ఎలా వస్తాయి అని రాతపూర్వకంగా అడగండి. రెండు దీవులు చూద్దామని ఎవరో తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. గది ఖాళీ చేయడం, పడవ కోసం కూర్చోవడం, కొత్త గది కోసం ఎదురుచూడడం, అంతా కలిపి ఒక ఉమ్మడి రోజు పోతుంది.

అద్దె పంచుకోవడం దగ్గర మనస్పర్థలు వచ్చేది జంటలు, ఒంటరిగా వచ్చినవాళ్లు కలిసి ఉన్నప్పుడు. నాలుగు గదులు, రెండు జంటలు, ఇద్దరు ఒంటరివాళ్లు అనుకోండి. గది లెక్కన పంచితే ఒంటరి మనిషికి 25 శాతం, జంటలో ఒక్కొక్కరికి 12.5 శాతం పడుతుంది, ఒంటరివాళ్లకు భారం. తలకింత అని పంచితే అందరికీ 16.7 శాతం, అప్పుడు ఒక గదిలో ఇద్దరు సర్దుకుంటున్న జంటలకు కష్టంగా ఉంటుంది. సగం అద్దె తలల లెక్కన, సగం గదుల లెక్కన పంచండి: ఒంటరివాళ్లకు దాదాపు 21 శాతం, జంటలో ఒక్కొక్కరికి 14.6 శాతం వస్తుంది. ఇది బుకింగ్‌కు ముందే ఒప్పుకోవాలి. ఉచితంగా రద్దు చేసుకునే ఆఖరి తేదీని షీట్‌లో పైనే రాసి, ఆ తర్వాత మానుకున్నవాళ్లు తమ అద్దె వాటా ఇవ్వాలని కూడా అప్పుడే తేల్చుకోండి. రోజువారీ ఖర్చులకు స్ప్లిట్‌వైజ్ లాంటి, ఖర్చులు పంచి లెక్కచెప్పే యాప్ సరిపోతుంది. కార్డు మెషిన్ ‘మీ దేశం కరెన్సీలో కడతారా’ అని అడిగితే వద్దని స్థానిక కరెన్సీనే ఎంచుకోండి, మీ కరెన్సీలో కడితే మార్పిడి రేటులో అదనపు వడ్డింపు ఉంటుంది.

ఇన్సూరెన్స్‌లో మెడికల్ ఇవాక్యుయేషన్ (రోగిని పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు) ఉందో లేదో చూడండి, చిన్న దీవిలో పెద్ద ఆసుపత్రి ఉండదు. స్కూటర్ నడపాలంటే ఆ రకం బండికి చెల్లే లైసెన్సు, చాలా చోట్ల అంతర్జాతీయ పర్మిట్ కావాలి. అవి లేకుండా పడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

దీవిలో మొదటి రోజు ఏ కార్యక్రమమూ వద్దు. నిద్ర లేని శరీరంతో లోతు నీళ్లలోకి దిగడం ప్రమాదం. స్నార్కెలింగ్‌లో వీపు కాలిపోవడం కూడా ఎక్కువగా మొదటి రోజే జరుగుతుంది. నీళ్ల చల్లదనానికి ఎండ తెలియదు. పొడవు చేతుల రాష్‌గార్డ్ (నీళ్లలో వేసుకునే బిగుతు చొక్కా) క్రీముకంటే నమ్మకం. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాయాలి, దోమల మందు దానిపైన. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి సాయంత్రం దాకా ఆగకండి. హవాయిలో పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకం 2021 జనవరి నుంచి నిషిద్ధం, పగడాల కోసం ఎక్కడికైనా అవి లేనివే తీసుకెళ్లండి. స్కూబా చేసేవాళ్లుంటే డైవ్‌లు వారం మొదటి సగంలో పెట్టండి: ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరసగా చాలా చేస్తే 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు. శరీరంలో మిగిలిన నైట్రోజన్ విమానంలో పీడనం తగ్గితే బుడగలు కట్టవచ్చు. సీప్లేన్‌కూ ఇదే నియమం పాటించండి.

రోజుల అమరిక గురించి గట్టిగా చెప్పదలచింది ఒకటుంది. రెండు రోజులకు ఒక్క ఉమ్మడి కార్యక్రమం చాలు. పడవ షికారు గానీ, కొండ ఎక్కడం గానీ ఉదయం, మధ్యాహ్నం ఖాళీ, రాత్రి భోజనం మాత్రం అందరూ కలిసే. ఆరుగురు ఒక బల్ల దగ్గర కూర్చుంటే మాట్లాడేది ఇద్దరు ముగ్గురే. ఏళ్లుగా చెప్పుకోని సంగతులు ఇద్దరిద్దరుగా నడుస్తున్నప్పుడే బయటికొస్తాయి. కార్యక్రమాలతో నింపేస్తే ఆ ఖాళీ దొరకదు. జీవిత భాగస్వాములు, పిల్లలు వస్తారా రారా అన్నది మొదటే తేల్చుకోండి. వస్తే, పాత మిత్రులు ఆరుగురే ఉండే ఒక సాయంత్రాన్ని ముందే చెప్పి పక్కన పెట్టండి. పాత కబుర్లు తెలియని మనిషిని గంటల తరబడి పక్కన కూర్చోబెట్టడం వాళ్లకూ శిక్షే.

లెక్కలు ఆఖరి రోజుకు వదలకండి. మొదటి మనిషి బయల్దేరే ముందు రాత్రే స్ప్లిట్‌వైజ్ తెరిచి అందరూ కలిసి ఒకసారి చూసుకోండి. కార్డు మీద ఆలస్యంగా పడే బిల్లులకు, వెనక్కి రావాల్సిన డిపాజిట్‌కు రెండు వారాల గడువు పెట్టి, ఆ పని ఎవరిదో పేరు రాయండి. పొద్దున్నే వెళ్లేవాళ్ల పడవ సమయం, విల్లా తాళం ఎవరికివ్వాలి అన్నవి కూడా ఆ రాత్రే ఖాయం చేసుకోండి.