కూరగాయల బ్రీడర్ కావాలంటే: డిగ్రీ కన్నా ముందు పొలంలో తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. మూడెకరాల్లో టమాటా వేస్తాం. మా అమ్మాయి వెంకట్రామన్నగూడెంలో బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. కూరగాయల్లో కొత్త రకాలు తయారుచేసే బ్రీడింగ్ వైపు వెళ్తానంటోంది. బంధువులేమో హార్టికల్చర్ ఆఫీసర్ పోస్టుకు ప్రిపేరవడమే మేలంటున్నారు. బ్రీడింగ్‌లో ఉద్యోగాలు ఉంటాయా? ఇంకా ఎన్నేళ్లు చదవాలి? ఇప్పట్నుంచే ఏం చేయాలి?

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయి. కాకపోతే బీఎస్సీతో బ్రీడర్ కాలేరు. ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి మూడు నాలుగేళ్లు పడుతుంది. విత్తన కంపెనీల్లో ఎమ్మెస్సీతో అసిస్టెంట్ బ్రీడర్‌గానో రీసెర్చ్ అసోసియేట్‌గానో చేరొచ్చు గానీ, ఒక పంట బాధ్యత మొత్తం అప్పగించేది ఎక్కువగా పీహెచ్‌డీ ఉన్నవాళ్లకే. ఆ తర్వాత కూడా, మొదటి క్రాస్ (రెండు రకాల పువ్వుల్ని కలపడం) చేసిన రోజు నుంచి ఆ రకం రైతు చేతికి చేరేసరికి మామూలుగా ఎనిమిది, పదేళ్లవుతుంది. అందుకని జీతాల లెక్కలోకి దిగేముందు ఈ పని అమ్మాయికి పడుతుందో లేదో తేల్చుకోండి. దానికి మీ పొలమే చాలు. ఎలాగో చెప్తాను. అంతకన్నా ముందు అసలు ఆ పనేమిటో చూద్దాం.

దిగుబడి పెరగాలి, నాణ్యతా బాగుండాలి అని అందరూ అంటారు. రెండూ ఒకే మొక్కలోకి తేవడంలోనే ఉంది కష్టమంతా. టమాటా ఆకులు తయారుచేసిన చక్కెరను చెట్టుమీది కాయలన్నీ పంచుకోవాలి. కాపు పెరిగేకొద్దీ ఒక్కో కాయకు అందే వాటా తగ్గుతుంది. రిఫ్రాక్టోమీటర్ మీద రసం చుక్క వేసి చూస్తే మార్కెట్ టమాటాలో బ్రిక్స్, అంటే రసంలో కరిగిన చక్కెర లాంటి పదార్థాల శాతం, 4, 5 మధ్య కనిపిస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు 5 దాటితే ఇష్టపడతారు, నీరు మరిగించి తీసేయడానికి ఇంధనం తక్కువ పడుతుంది కాబట్టి. మదనపల్లె మార్కెట్లో లారీ ఎక్కి రాష్ట్రాలు దాటే కాయకు మాత్రం బ్రిక్స్ కన్నా గట్టిదనం ముఖ్యం. రిన్ అనే జన్యువును హైబ్రిడ్‌లో తల్లి, తండ్రుల్లో ఒక్క వైపు నుంచి తెస్తే కాయ నిదానంగా పండుతుంది, నిల్వ పెరుగుతుంది. అదే జన్యువు రంగునూ రుచినీ కొంత తగ్గిస్తుంది. రెండు వైపుల నుంచీ వస్తే కాయ సరిగ్గా పండనే పండదు.

మిర్చిదీ ఇదే కథ. గుంటూరు యార్డులో తేజకు ధర పలికేది ఘాటుకు. బ్యాడిగికి పలికేది రంగుకు, అందులో ఘాటు తక్కువ. రంగును ఆస్టా యూనిట్లలో కొలుస్తారు, ఘాటుకు క్యాప్సైసిన్ శాతం చూస్తారు. ఎవరు కొంటారో ముందే తేల్చుకోకుండా క్రాస్‌లు మొదలుపెట్టిన బ్రీడర్‌కు ఆరేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాని మంచి మొక్క మిగులుతుంది. వంకాయలో ఇది ఇంకా ఎక్కువ. ఒక జిల్లాలో గుత్తి వంకాయ సైజు గుండ్రటి కాయే అమ్ముడుపోతుంది, ఇంకో చోట పొడుగు కాయ కావాలి. అమ్మాయి ఎక్కడ ఉద్యోగం చేసినా సంతల్లో తిరగాల్సిందే.

తెగుళ్ల వల్ల ఈ రంగంలో పని ఎప్పటికీ తీరదు. బెండలో పల్లాకు తెగులును తట్టుకునేలా 1950ల్లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌ఐ) పూసా సావని అనే రకాన్ని తయారుచేసింది. కొన్నేళ్లకు అది తట్టుకోలేకపోయింది. తర్వాత బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ అడవి జాతి బెండ నుంచి నిరోధక శక్తి తెచ్చి అర్క అనామిక ఇచ్చింది. ఇప్పుడు దానికీ పల్లాకు తెగులు వస్తోంది. వైరస్ మారుతుంది, దాన్ని మోసే తెల్లదోమ పెరుగుతుంది. 2021లో మన మిర్చి తోటల మీద పడ్డ కొత్త తామరపురుగును గుర్తుచేసుకోండి. ఇలాంటిది వచ్చినప్పుడల్లా బ్రీడర్ పని మళ్లీ మొదలవుతుంది.

ఇక పొలంలో పరీక్ష. ఈ సెలవుల్లో అమ్మాయిని ఒక్క క్రాస్ చేయమనండి. మీరు వేసే హైబ్రిడ్ దీనికి పనికిరాదు, దాని గింజల నుంచి రకరకాల మొక్కలు వస్తాయి. అర్క వికాస్ లాంటి సూటి రకాన్ని (హైబ్రిడ్ కాని, గింజ వేస్తే తనలాంటి మొక్కే వచ్చే రకం) తల్లిగా, హైబ్రిడ్ కాని చెర్రీ టమాటాను తండ్రిగా తీసుకోమనండి. చెర్రీ ఎందుకంటే, క్రాస్ నిజంగా పడితే వచ్చే మొదటి తరం మొక్కకు చిన్న కాయలే కాస్తాయి. తల్లిలాగే పెద్ద కాయలు కాశాయంటే పువ్వు తన పుప్పొడితోనే పండిందన్నమాట. పని సరిగ్గా చేసిందా లేదా అన్నది కాయే చెప్పేస్తుంది.

రెండో మూడో గుత్తిలో పని మొదలుపెట్టాలి. ఆ గుత్తిలో అప్పటికే విచ్చిన పూలు, పడిన పిందెలు గిల్లేసి మూడు నాలుగు మొగ్గలే ఉంచాలి. రేకులు ఆకుపచ్చ వదిలి లేత పసుపుకు తిరుగుతూ, ఇంకా విచ్చుకోని మొగ్గ కావాలి. ఒక్కరోజు ఆలస్యమైతే లోపల పుప్పొడి రాలిపోయి ఉంటుంది. మరీ ముందైతే కీలం లేతగా ఉండి ఫోర్సెప్స్ (సన్నని పట్టకారు) తగలగానే విరుగుతుంది, మర్నాటికి పువ్వు రాలిపోతుంది. సాయంత్రం పూట ఫోర్సెప్స్‌ను స్పిరిట్‌లో ముంచి ఆరనిచ్చి, కేసరాల గొట్టాన్ని ఒక పక్కన చీల్చి, చిదమకుండా మొత్తంగా లాగేయాలి. దీన్నే ఎమాస్కులేషన్ అంటారు. ఈ దశలో రక్షక పత్రాలు రెండింటిని సగానికి కత్తిరించి ఉంచాలి. కాయ పండాక తొడిమె దగ్గర అవి అలాగే కనిపిస్తాయి. లేబుల్ గాలికి పోయినా ఏ కాయ క్రాస్ చేసిందో తెలుస్తుంది. హైబ్రిడ్ విత్తనోత్పత్తికి పేరున్న కర్ణాటకలోని రాణెబెన్నూరు ప్రాంతంలో ఈ పని ఎక్కువగా చేసేది మహిళా కూలీలే. వాళ్ల చేతివేగం ఒకసారి చూసి రావాలి.

తండ్రి మొక్కల నుంచి విచ్చిన పూల కేసరాలు తీసి, కాగితం మీద నీడలో ఆరబెట్టి, సన్నని నైలాన్ మెష్ కట్టిన కప్పులో వేసి కుదిపితే పుప్పొడి అడుగుకు దిగుతుంది. ఎమాస్కులేషన్ మర్నాడు పొద్దున్నే, వీలైతే ఆ తర్వాతి రోజు కూడా, కీలాగ్రాన్ని ఆ పుప్పొడిలో ముంచాలి. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రుళ్లు వేడిగా ఉన్నా పిందె పట్టదు. ఎండాకాలంలో విఫలమైతే నిరుత్సాహపడక్కర్లేదు. బాగా పండిన కాయ గుజ్జును ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి, గింజల్ని నీడలో ఆరబెట్టాలి. ఇంకా ఎక్కువ నానితే గింజ నల్లబడుతుంది, కొన్ని మొలకెత్తుతాయి కూడా.

మొదటి తరం మొక్కల నుంచి వచ్చిన గింజలు వేస్తే రెండో తరం. లక్షణాలు విడిపోయేది ఇక్కడే, బ్రీడర్ పని మొదలయ్యేదీ ఇక్కడే. మరుగున ఉండే, అంటే రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే జన్యువు ఒక్కటి కావాలనుకుంటే, అది కనిపించే మొక్క దొరుకుతుందని 95 శాతం నమ్మకం ఉండాలంటే 11 మొక్కలు చాలు. అలాంటివి రెండు కలిసి ఒకే మొక్కలో కావాలంటే 47, మూడైతే 191. అంటే 200 మొక్కలు వేయాలి, మీ పొలంలో మూడు సెంట్ల చోటు. ప్రతి మొక్కకూ నంబరు, పూత తేదీ, కాయల సంఖ్య, ఐదు కాయల బరువు, బ్రిక్స్, ఆకుముడత ఉందా లేదా రాయాలి. బ్రిక్స్‌ను తడి పెట్టిన మర్నాడు కొలిస్తే తక్కువ చూపిస్తుంది. అన్ని మొక్కల్లోనూ ఒకే పండుదశ కాయల్ని, ఒకే రోజు కొలవాలి.

రెండో తరంలో బాగా కాసిన ఒక్క మొక్కను చూసి ఇదే గొప్పదని పట్టుకోవడం కొత్తవాళ్లందరికీ జరిగేదే. ఆ మొక్క దగ్గర పెంట ఎక్కువ పడి ఉండొచ్చు, పక్క మొక్క చచ్చి చోటు దొరికి ఉండొచ్చు. కాయ ఆకారం, రంగు లాంటివి ఒక్క మొక్కలో చూసి ఎంచుకోవచ్చు. దిగుబడిని మాత్రం తరాలు ముదిరాక, వరుసలుగా, రెప్లికేషన్లతో (ఒకే దాన్ని పొలంలో పలుచోట్ల) వేసి చూస్తేనే నమ్మాలి. తెగులు విషయమూ అంతే. ఆకుముడత రాని మొక్కకు నిరోధక శక్తి ఉండొచ్చు, లేదా తెల్లదోమ దాని మీద వాలకపోయి ఉండొచ్చు. అందుకే కొన్ని వరుసలకు ఒకసారి పంజాబ్ చుహారా లాంటి, తప్పకుండా జబ్బు పడే రకాన్ని వేస్తారు. అది మాడిపోయి పక్క మొక్క పచ్చగా నిలిచిందంటే అప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ఇప్పుడు ఆకుముడతను తట్టుకునే టై-2, టై-3 లాంటి జన్యువులు ఉన్నాయో లేదో నారు దశలోనే ఆకు ముక్కతో, మార్కర్ (డీఎన్ఏ) పరీక్షతో తెలుసుకోవచ్చు. దాంతో పొలం, డబ్బు మిగులుతాయి. కానీ మార్కర్ పాజిటివ్ వచ్చిన మొక్క కాయ ఎలా ఉందో చూడాల్సింది కంటితోనే.

రెండో తరంలో సగం జన్యువులు ఇంకా జతకుదరకుండా ఉంటాయి. తరానికి సగం చొప్పున తగ్గి ఆరో తరానికి సుమారు 3 శాతం మిగులుతుంది. ఏడాదికి రెండు తరాలు పండించినా ఇక్కడికే మూడేళ్లు. అలా స్థిరపడ్డ లైన్లను (గింజ వేస్తే తమలాంటి మొక్కలే వచ్చేవాటిని) ఒకదానితో ఒకటి కలిపి హైబ్రిడ్లు చేసి, వేర్వేరు చోట్ల, వేర్వేరు సీజన్లలో పరీక్షించడం ఆ తర్వాతి మాట. ప్రభుత్వ రంగంలో ఈ పరీక్షలు వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థ (ఐఐవీఆర్) కేంద్రంగా నడిచే అఖిల భారత సమన్వయ పథకం కింద దేశమంతటా జరుగుతాయి. 200 మొక్కల్లో 190ని పీకేయడానికి అమ్మాయికి చేతులు రాకపోతే, లేదా నోట్‌బుక్ సగంలో ఆగిపోతే, ఈ పని ఆమెకు భారమవుతుంది. మూడు నెలల తర్వాత కూడా పొద్దున్నే పొలానికి వెళ్తుంటే ఇక మీరు సందేహించొద్దు.

చదువు సంగతి. ఎమ్మెస్సీ వెజిటబుల్ సైన్స్ ఆమెకు సూటి దారి. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే ఇతర రాష్ట్రాల వర్సిటీలు, ఢిల్లీ ఐఏఆర్‌ఐ తలుపులు తెరుచుకుంటాయి, మంచి ర్యాంకు వస్తే ఫెలోషిప్ కూడా ఉంటుంది. సొంత వర్సిటీలోనూ, సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన వర్సిటీలోనూ పీజీ సీట్లున్నాయి. జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో చేరాలనుకుంటే బీఎస్సీ హార్టికల్చర్ వాళ్లను తీసుకుంటారో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టికలో చూసుకోవాలి. కాలేజీ పేరు కన్నా గైడ్ దగ్గర ఏ పంట లైన్లు ఉన్నాయో అడగడం ముఖ్యం. పది లైన్లు, వాటిని పరీక్షించడానికి వాడే మూడు టెస్టర్ రకాలు కలిపి, పట్టికలు వేసి, థీసిస్ అయ్యాక గింజల్ని పారేసే ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి. డిగ్రీ వస్తుంది, చేతికి పని రాదు. మీ థీసిస్ తర్వాత ఆ మెటీరియల్ ఎవరి దగ్గరికి వెళ్తుంది అని సీనియర్లను అడిగితే సంగతి తెలిసిపోతుంది. స్టాటిస్టిక్స్‌ను నెట్టుకురాకుండా శ్రద్ధగా నేర్చుకోవాలి. గణాంకాలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

ఉద్యోగాలు రెండు వైపులా ఉన్నాయి. ప్రభుత్వంలో వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి ఏఎస్‌ఆర్‌బీ నిర్వహించే ఏఆర్‌ఎస్ పరీక్ష ద్వారా ఐఐహెచ్‌ఆర్, ఐఐవీఆర్ లాంటి సంస్థల్లో శాస్త్రవేత్త పోస్టులు వస్తాయి. వర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు వేరుగా ఉంటాయి. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఏటా కచ్చితంగా రావు. ప్రైవేటులో హైదరాబాద్, బెంగళూరు, మహారాష్ట్రలోని జాల్నా చుట్టూ కూరగాయల విత్తన కంపెనీలు చాలా ఉన్నాయి. బ్రీడింగ్ ఒక్కటే కాదు, తెగుళ్ల పరీక్షలు, మార్కర్ ల్యాబ్, విత్తనోత్పత్తి, రైతు పొలాల్లో ట్రయల్స్ చూసే ప్రొడక్ట్ డెవలప్‌మెంట్, ఇవన్నీ ఆ గొడుగు కిందివే. ఒక్క జాగ్రత్త. ఆగ్రానమిస్ట్ పేరుతో ఇచ్చే కొన్ని ఉద్యోగాలు నిజానికి అమ్మకాలవే. అందులో నాలుగైదేళ్లు గడిచాక రీసెర్చ్ వైపు రావడం కష్టం. చేరేముందు ఏ విభాగం, ఎవరికి రిపోర్ట్ చేయాలి అని అడగాలి. రీసెర్చ్ ఫామ్‌లో పని తెల్లవారుజామునా సాయంత్రం పొద్దుపోయాకా కూడా ఉంటుంది, బీర పువ్వు విచ్చేదే సాయంత్రం. అమ్మాయికి ఫామ్ దగ్గర వసతి, రానుపోను బండి ఉన్నాయో ఇంటర్వ్యూలోనే అడిగేయమనండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

బంధువులు ఎవరైనా ఇదంతా జన్యుమార్పిడి అని భయపెడితే నమ్మొద్దు. పైన చెప్పినదంతా పువ్వుకు పువ్వు కలపడమే. మన దేశంలో జన్యుమార్పిడి కూరగాయ ఏదీ సాగుకు అనుమతి పొందలేదు. బీటీ వంకాయను 2010లోనే ఆపేశారు.

హార్టికల్చర్ ఆఫీసర్ సలహా తప్పేమీ కాదు, అది వేరే పని, అంతే. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ వస్తే బీఎస్సీ అర్హతతోనే రాయొచ్చు. ఎమ్మెస్సీ చదువుతూ రాసినా నష్టం లేదు, సిలబస్ చాలావరకు ఒక్కటే. నాలుగో సంవత్సరంలో ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ (పని చేస్తూ నేర్చుకునే కోర్సు) ఎంచుకునేటప్పుడు మాత్రం విత్తనోత్పత్తి మాడ్యూల్ ఉంటే అదే తీసుకోమనండి. దరఖాస్తు సమయం మించిపోకముందే, ఈ సెమిస్టర్‌లోనే విభాగంలో అడిగి పెట్టుకోవాలి.