సైన్ సిరీస్: 30కి సరే, 180కి ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: సైన్ సిరీస్ (క − క³/3! + క⁵/5! − …, క అంటే రేడియన్లలో కోణం) మొత్తం కట్టే ప్రోగ్రామ్ సి లాంగ్వేజ్‌లో రాశాను. డిగ్రీలను రేడియన్లలోకి మార్చాను, ఫ్యాక్టోరియల్‌కి (3! = 1×2×3 లాంటివి) వేరే ఫంక్షన్ పెట్టాను. 9 టర్ములకు 30 డిగ్రీలు ఇస్తే 0.5 వస్తోంది. 180 ఇస్తే సున్నాకు బదులు −0.99 వస్తోంది. తప్పెక్కడుంది సార్?
– డిప్లొమా విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ ఫార్ములా సరైనదేనమ్మా. ఫ్యాక్టోరియల్ ఫంక్షన్‌ని ఇంట్‌గా (పూర్ణాంకాలు పట్టే రకంగా) పెట్టారు, చిక్కంతా అక్కడే. 32 బిట్ల ఇంట్‌లో 2147483647కి మించి పట్టదు. 12! విలువ 479001600, అది పడుతుంది. 13! విలువ 6227020800. అది పట్టదు కాబట్టి మామూలుగా 1932053504 అని వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. 17! దగ్గరికొచ్చేసరికి ఏకంగా −288522240. 180 డిగ్రీలంటే 3.14159 రేడియన్లు, దాని 17వ ఘాతం 28 కోట్ల పైచిలుకు. భాగిస్తే ఆ ఒక్క టర్మే −0.98! 30 డిగ్రీలకూ ఇదే తప్పు జరుగుతోంది. కాకపోతే 0.5236కి 17వ ఘాతం మరీ చిన్నది కనుక బయటపడలేదు. అందుకే చిన్న కోణం ఒక్కటే ఇచ్చి చూసి, ప్రోగ్రామ్ బాగుందనుకోకూడదు.

ఇంకా పెద్ద పూర్ణాంకాలు పట్టే లాంగ్ లాంగ్ పెడితే 20! దాకా నెట్టుకురావచ్చు, 21!కి మళ్లీ ఇదే గొడవ. అసలు ఫ్యాక్టోరియల్ జోలికే వెళ్లకండి. ముందు టర్ము నుంచే తర్వాతి టర్ము తీయండి. టర్మ్, మొత్తం రెండూ డబుల్‌గా (దశాంశాలు పట్టే రకంగా) పెట్టి, రెండింటికీ మొదట కోణం విలువే ఇవ్వండి. తర్వాత కె = 1 నుంచి 8 వరకు లూప్‌లో:

టర్మ్ = −టర్మ్ * కోణం * కోణం / (2*కె * (2*కె + 1));
మొత్తం = మొత్తం + టర్మ్;

గుర్తు మార్పు కూడా ఇందులోనే అయిపోయింది. 30 డిగ్రీలకు టర్ములు వరసగా 0.523599, −0.023925, 0.000328, −0.000002 రావాలి, కాగితం మీద సరిచూసుకోండి. ఇది కంప్యూటర్లతో పుట్టిన కిటుకు కాదు. 14వ శతాబ్దపు కేరళ గణితవేత్త మాధవుడిదిగా చెప్పే శ్లోకంలో సరిగ్గా ఈ పద్ధతే ఉంది: వచ్చిన ఫలాన్ని చాపవర్గంతో (చాపం, అంటే వృత్తపు వంపు పొడవు, దాని వర్గంతో) గుణించి, సరిసంఖ్య వర్గానికి ఆ సంఖ్యనే కలిపి (వ్యాసార్ధ వర్గంతో హెచ్చించి) భాగించమంటాడు. మీ 2*కె * (2*కె + 1) అదే!

రేడియన్లలోకి మార్చేటప్పుడు డిగ్రీ/180 అని ముందు రాయకండి. డిగ్రీ ఇంట్ అయితే 30/180 సున్నా అవుతుంది. 180.0 అనండి. 3.14తో సరిపెడితే 180కి 0.0016 మిగులుతుంది. 360 దాటిన కోణమైతే ముందు 360తో భాగించి శేషం తీసుకోండి. టర్ము 0.000001 కన్నా చిన్నదయ్యాక ఆపాలనుకుంటే మైనస్ గుర్తు తీసేసే ఫ్యాబ్స్ ఫంక్షన్ వాడండి. ఆబ్స్ పూర్ణాంకాలకు పనికొచ్చేది, 0.52ని సున్నా చేసి లూప్‌ని మొదట్లోనే ఆపేస్తుంది.