మోడల్ రైలింజన్ చిన్న కిటికీలకు అద్దాలు ఎలా పెట్టాలి?

1:87 స్కేల్ (అసలు సైజులో 87వ వంతు) ఇంజన్ క్యాబ్‌కి, అంటే డ్రైవర్ ఉండే గదికి, ఉన్న 3-4 మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీల్లో ప్లాస్టిక్ షీట్ ముక్క సరిగ్గా కూర్చోవడం లేదని అడిగారు.

అంత చిన్నవాటికి షీట్ కత్తిరించే తంటా అక్కర్లేదు. ఆరాక తేటగా మారే జిగురు చాలు. మైక్రోస్కేల్ వాళ్ల 'క్రిస్టల్ క్లియర్' ఇలాంటి పనికే వస్తుంది. మామూలు తెల్ల పీవీఏ జిగురుతోనూ పని జరుగుతుంది గానీ కాస్త మసకగా ఆరవచ్చు. టూత్‌పిక్ కొనను జిగురులో ముంచి కిటికీ అంచు చుట్టూ తిప్పండి, తర్వాత మెల్లగా అడ్డంగా లాగండి. సబ్బు బుడగలా పల్చటి పొర సాగి కన్నాన్ని మూసేస్తుంది. మొదట తెల్లగానే ఉంటుంది, టెన్షన్ పడకండి. పొర తెగిందా, తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేయండి.

ఆరేకొద్దీ పొర కుంచించుకుపోయి మధ్యలో లోపలికి వంగుతుంది. చిన్న కిటికీలో అది కంటికి ఆనదు. 6 మిల్లీమీటర్లు దాటితే మాత్రం లెన్సులా కనబడి బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి పెద్ద కిటికీలకు పల్చటి పారదర్శక షీటే మేలు. లోపలివైపు నుంచి పీవీఏతోనే అంటించండి. సూపర్ గ్లూ జోలికి వెళ్లొద్దు, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి మసక పట్టిస్తుంది.

రంగు, మసి మరకలు, మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ అన్నీ అయ్యాకే ఇదంతా. ముందే పెడితే ఆ వార్నిష్‌తో అద్దం మెరుపు పోతుంది.

అన్నట్టు, ఆవిరి ఇంజన్లలో చాలావాటికి క్యాబ్ పక్క కిటికీలు అద్దం లేకుండా ఖాళీగానే ఉండేవి. అసలు ఇంజన్ ఫొటో ఒకసారి చూసుకుని మొదలుపెట్టండి.